ఓడ జాడ, కారు జాడ: కువైట్ దిగుమతుల చరిత్ర

కువైట్‌లో మోటారు వాహనాల చరిత్ర మొదటి నుంచీ సముద్ర మార్గంతోనే ముడిపడి ఉంది. షేక్ ముబారక్ అల్ సబా పాలన (1896–1915) చివరి దశలో కువైట్ పట్టణం చూసిన తొలి కారు బెల్జియంలో తయారైన మినర్వా. దాన్ని పాలకుడికి కానుకగా ఇచ్చిన జాసిం అల్ ఇబ్రహీం బొంబాయిలో స్థిరపడిన కువైట్ వర్తకుడు. 1862 నుంచి బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ ఓడలు బొంబాయికీ బస్రాకూ మధ్య టపా, సరుకు చేరవేస్తుండటం వల్లా, కువైట్‌లో 1961 దాకా రూపాయే చెలామణిలో ఉండటం వల్లా, గల్ఫ్ వ్యాపారానికి బొంబాయే పెద్ద బజారుగా నిలిచింది.

ఆనాడు సరుకుకు ఆధారం బిల్ ఆఫ్ లేడింగ్, అంటే సరుకు ఓడకెక్కిందని రవాణా కంపెనీ రాసిచ్చే రసీదు. దాన్ని చూపినవారికే రేవులో సరుకు అప్పగించేవారు. 1864లో గల్ఫ్ అడుగున వేసిన టెలిగ్రాఫ్ తీగ కువైట్‌ను తాకకుండా ఇప్పటి ఇరాక్‌లోని ఫావ్ వద్ద ఒడ్డెక్కింది కాబట్టి, వర్తకులకు కబురు కూడా చాలాకాలం ఓడల మీదే అందేది. తీరం వెంబడి లోతు చాలనందున పెద్ద ఓడలు దూరంగా లంగరు వేసేవి. వాటి నుంచి సరుకును తాళ్లతో పడవల్లోకి దించి, గాలీ పోటూ అనుకూలించినప్పుడు ఒడ్డుకు చేర్చేవారు. ఓడ వచ్చిందని తెలిసినా సరుకు చేతికందినట్టు కాదు.

1946లో చమురు ఎగుమతి మొదలయ్యాక కార్ల గిరాకీ పెరిగింది, వాటిని నడపడానికి డ్రైవర్లూ కావలసి వచ్చారు. తర్వాతి దశాబ్దాల్లో కడప, కోనసీమ ప్రాంతాల తెలుగువారెందరో ఈ పనికే అక్కడికి వెళ్లారు. 1960లో షువైఖ్ రేవు ప్రారంభమై ఓడలు ఒడ్డునే ఆగసాగాయి. ఆపై వచ్చిన రో-రో ఓడలు, అంటే వాహనాలను వాలుబల్ల మీదుగా నేరుగా లోపలికి నడిపి మళ్లీ బయటికి నడిపించే ఓడలు, తాళ్ల పనిని తప్పించాయి.

2004 చివరి నాటికి అంతర్జాతీయ ప్రయాణాలు చేసే 300 గ్రాస్ టన్నేజీ, అంతకు మించిన వాణిజ్య ఓడలకు ఏఐఎస్ తప్పనిసరి అయింది. ఓడ తన పేరును, స్థానాన్ని, వేగాన్ని రేడియో ద్వారా తానే ప్రకటించే ఏర్పాటు ఇది. దీంతో జపాన్ నుంచి బయల్దేరిన ఓడ మలక్కా జలసంధి దాటి, భారత దక్షిణ తీరం చుట్టి, హొర్ముజ్ జలసంధిలో ప్రవేశించే తీరును కొనుగోలుదారే పటాల మీద చూడగలుగుతున్నాడు. 2023 నవంబరు 19న గెలాక్సీ లీడర్ అనే కార్ల ఓడను యెమెన్‌కు చెందిన హూతీలు ఎర్ర సముద్రంలో పట్టుకున్న తర్వాత, ఐరోపా నుంచి వచ్చే ఓడలు అనేకం ఆఫ్రికా చుట్టూ తిరగవలసి రావడమూ ఆ పటాల మీద కనిపించింది.

అయితే ఏఐఎస్ చూపేది ఓడను, కారును కాదు. 17 అక్షరాంకెల ఛాసిస్ నంబరు గల ఒక కారు దుబాయ్‌లోని జెబెల్ అలీ వంటి నడుమ రేవులో దిగి మరో ఓడ కోసం వేచి ఉంటే, మొదటి ఓడను వెంబడించినవారికి ఆ సంగతి తెలియదు. కారు ఏ ఓడలో ఉందో, ఎవరికి చెందుతుందో చెప్పడానికి ఇప్పటికీ బొంబాయి వర్తకులు నమ్ముకున్న రసీదు వంటి పత్రమే ఆధారం. కస్టమ్స్ విడుదల చేసేదాకా ఓడ రాకకూ కారు అందడానికీ మధ్య పాత ఎడం అలాగే మిగిలి ఉంది.