చోళవరం పరుగుబాట – పందెపు కార్ల వంశవృక్షం

ఏటి పుట్టుక, ఋషి పుట్టుక అడుగరాదని పెద్దల మాట. పందెపు కారు పుట్టుక మాత్రం అడిగి తీరవలసినదే. ఇంటి వాడుకకు కొన్న కారుకు ఒక యజమాని, ఒక రంగు, ఒక నంబరు ఉంటాయి. పందెపు కారు జాతకం అట్టిది కాదు. ఒక పందెంలో బోల్తాపడి చట్రం మార్చుకుంటుంది. మరుసటి ఏడు ఇంజను మారుతుంది. ఆ పై ఏడు మరొక దేశంలో, మరొకరి చేతిలో, మరొక పేరుతో పరుగెడుతుంది. అర్ధశతాబ్దం గడచిన తరువాత ఒక పాకలో తుక్కు నడుమ బయటపడిన నాలుగు గొట్టాలను చూచి, "ఇది ఫలానా పందెం గెలిచిన కారు" అని చెప్పగలగడం ఒక శాస్త్రం. రాగిశాసనాన్ని చదివి రాజవంశాన్ని నిర్ణయించే పండితుని పనికీ, దీనికీ ఆట్టే భేదం లేదు.

ఈ విషయం కాట్టుపల్లి పరిసరాల వారికి దూరపుది కాదు. తిరువళ్ళూరు జిల్లాలోనే, మద్రాసు నుంచి ఉత్తరంగా నెల్లూరు వైపు వెళ్ళే గ్రాండ్ నార్తర్న్ ట్రంక్ రోడ్డు మీద చోళవరం ఉన్నది. నేడు ఆ పేరు చెప్పగానే అందరికీ నగరానికి మంచినీరిచ్చే చెరువు గుర్తుకు వస్తుంది. ఒక తరం క్రితం ఆ పేరు దేశమంతటా కారు పందేలకు మారుపేరు. 1960లో సరిహద్దుల మార్పుతో తిరుత్తణి ఆంధ్ర నుంచి మద్రాసు రాష్ట్రంలో చేరినప్పుడు గాని, 1997లో చెంగల్పట్టు నుంచి విడివడి తిరువళ్ళూరు జిల్లా ఏర్పడినప్పుడు గాని, ఈ ప్రాంతపు సంపదలను లెక్కించినవారు చోళవరం పరుగుబాటను లెక్కలోకి తీసుకున్నట్లు కనబడదు.

రెండవ ప్రపంచయుద్ధ కాలంలో విమానాలు దిగడానికి అక్కడ పరుగుబాట నిర్మించారు. యుద్ధం ముగిసినది, విమానాలు వెళ్ళిపోయినవి, బాట మిగిలినది. 1953లో మద్రాసు మోటార్ స్పోర్ట్స్ క్లబ్ ఏర్పడినది. 1950 దశకం నుంచి 1980 దశకం చివరి వరకు ఆ క్లబ్బు పందేలకు ఈ బాటే రంగస్థలమైనది. ఇంగ్లండులోని సిల్వర్‌స్టోన్ కథయు ఇట్టిదే. 1943లో వైమానిక దళపు క్షేత్రంగా పుట్టిన ఆ స్థలంలో 1948లో గ్రాండ్ ప్రీ జరిగినది. 1950 మే 13న ప్రపంచ ఛాంపియన్‌షిప్ మొదటి పందెం జరిగినది. రెండూ యుద్ధపు బిడ్డలే. ఒకదానికి రాజపోషణ దొరికినది, మరొకదానికి దొరకలేదు.

చోళవరంలో పరుగెత్తినవి ఏ కార్లు? స్వాతంత్ర్యానంతరం విదేశీ కార్ల దిగుమతి మీద కఠినమైన ఆంక్షలుండేవి. కనుక పందెగాండ్లకు చేతికందినవి ఫియట్, అంబాసిడర్, స్టాండర్డ్ హెరాల్డ్ వంటి ఇంటి కార్లే. వాటి సీట్లు పీకి, బరువు తగ్గించి, ఇంజనుకు లేత్ మీద పదును పెట్టి పందేనికి దింపేవారు. గోండల్ సంస్థానపు రాకుమారుని వంటి సంపన్నులు మాత్రం విదేశీ వాహనాలతో వచ్చేవారు. 1980 దశకంలో సిపానీ వారి డాల్ఫిన్ అనే చిన్న కారు, ఫైబర్‌గ్లాసు దేహం వలన తేలికయై, వీధులలో పొందని గౌరవాన్ని ఈ బాట మీద పొందినది. ఒక కారు చట్రం, రెండవ దాని ఇంజను, మూడవ దాని గేరుపెట్టె, స్థానికంగా రేకు వంచి కట్టిన దేహం – ఇట్టి అతుకుల బొంతలకు ఆనాడు 'స్పెషల్' అని పేరు. నేటి పరిశోధకునికి తలనొప్పి తెచ్చేవి ఇవే. కర్మాగారపు పుస్తకాలలో వీటికి పుట్టుక లేదు.

గుర్తించే విధానం ఇట్లుంటుంది. మొదట చూచేది చట్రం సంఖ్య. దానిని ఒక రేకు మీద చెక్కి మేకులతో బిగించి ఉంటారు, లేదా చట్రపు గొట్టం మీదనే పంచ్‌తో గుద్ది ఉంటారు. అయితే రేకును ఊడదీసి మరొక కారుకు బిగించడం పది నిమిషాల పని. అందుచేత అనుభవజ్ఞుడు రేకును చూచి తృప్తిపడడు. అంకెల ఆకారం, వాటి మధ్య ఎడము, గుద్దిన లోతు చూస్తాడు. వెల్డింగు అతుకుల తీరు, నేటికి పనిలేకపోయినా చట్రాన్ని అంటిపెట్టుకొని ఉన్న పాత కొక్కేలు, పూడ్చిన రంధ్రాలు చూస్తాడు. ఆ పై పాత ఛాయాచిత్రాలతో పోలుస్తాడు. ఒక చిత్రంలో దేహానికి ఎడమ ప్రక్క ఏడు గాలిరంధ్రాలుండి, కారుకు ఆరే ఉంటే, ఎక్కడో కథ మారినదన్నమాట. పందెపు కార్యక్రమ పత్రాలు, సాంకేతిక తనిఖీ కాగితాలు, ఓడ సరుకు చీటీలు, సుంకపు రసీదులు – ఇవన్నీ సాక్షులే. కాగితం అబద్ధం చెప్పినచోట లోహం నిజం చెబుతుంది. లోహం మార్చబడినచోట కాగితం పట్టిస్తుంది. రెండూ మార్చబడినచోట దేవుడే దిక్కు.

1980 దశకం ఆరంభంలో చోళవరం చూచిన అద్భుతం ఒక ఫార్ములా వన్ కారు. 1977లో ఇంగ్లండులో తయారైన ఎన్‌సైన్ ఎన్ 177 అనే జాతి కారును విజయ్ మాల్యా ఇక్కడ నడిపించారు. యూరప్ పందేలలో పరుగెత్తిన జాతి కారు చోళవరం కాంక్రీటు మీద పరుగెడుతుంటే చెవులు గింగురుమన్న తరం నేటికీ ఉన్నది. ఆ సంస్థ తన కార్లకు 'ఎం.ఎన్.' అనే అక్షరాలతో మొదలయ్యే సంఖ్యలు వేసేది. అవి స్థాపకుడు మారిస్ నన్ పేరులోని తొలి అక్షరాలు. ఇట్టి కారును గుర్తించడానికి ఇంజను సంఖ్య ఏ మాత్రం పనికిరాదు. ఆ కాలపు ఫార్ములా వన్ జట్లలో అనేకం వాడినది కాస్‌వర్త్ డి.ఎఫ్.వి. అనే ఒకే ఇంజను. 1967లో డచ్ గ్రాండ్ ప్రీలో జిమ్ క్లార్క్ నడిపిన లోటస్‌కు తొలి విజయం తెచ్చిన ఆ ఇంజనును, ఒక కారు నుంచి మరొక కారుకు, బండి ఎద్దును మార్చినంత సులువుగా మార్చేవారు. కనుక చట్రమే ప్రమాణం.

చట్రం కూడా మారితే? ఈ ప్రశ్న ఒకసారి లండన్ హైకోర్టుకే ఎక్కినది. 'ఓల్డ్ నంబర్ వన్' అని పేరుగాంచిన బెంట్లీ స్పీడ్ సిక్స్ ఫ్రాన్సులోని లెమాన్ 24 గంటల పందేన్ని 1929లోను, 1930లోను, వరుసగా రెండుసార్లు గెలిచినది. మొదటిసారి బార్నాటో, బిర్కిన్ నడిపారు. రెండవసారి బార్నాటో, కిడ్‌స్టన్. తరువాత ఆ కారు రూపం మారుతూ వచ్చినది. 1932లో దానికి ఎనిమిది లీటర్ల పెద్ద ఇంజను బిగించి బ్రూక్‌లాండ్స్ పందెంలో దింపగా, అది గట్టు మీదుగా ఎగిరిపోయి క్లైవ్ డన్‌ఫీ అనే చోదకుడు మరణించాడు. మిగిలిన భాగాలతో బార్నాటో దానిని పైకప్పు గల కారుగా తిరిగి కట్టించాడు. దశాబ్దాల తరువాత ఆ కారును కోటి పౌండ్లకు అమ్మేందుకు ఒప్పందం జరిగినది. కొనేవారు వెనుకకు తగ్గి, "ఇది ఆ కారే కాదు, లెమాన్‌లో గెలిచిననాటి లోహం దీనిలో లేశమాత్రమే" అన్నారు.

1990లో జస్టిస్ ఆటన్ తీర్పు చెప్పారు. గెలిచిననాటి భాగాలు చాలావరకు లేవన్నది నిజమే. దానిని మొదటి రూపంలో ఉన్న కారు అనడానికి వీలులేదు. కాని అది ఒక్క రోజున విరిగి మరొక రోజున క్రొత్తగా పుట్టినది కాదు. ఒక్కొక్క భాగంగా, ఒక్కొక్క పందేనికి మారుతూ, ఎడతెగని జీవితం గడిపినది. ఆ పేరుకు హక్కు చెప్పుకోగలిగిన మరొక కారు లోకంలో లేదు. కనుక అదే ఓల్డ్ నంబర్ వన్ అన్నారు, ఒప్పందం చెల్లినది. లోహం కంటె పరంపరకు పెద్దపీట వేసిన తీర్పు ఇది. దీనితో ఏకీభవించనివారు నేటికీ ఉన్నారు. అయినా తిరువళ్ళూరు వీరరాఘవస్వామివారి తేరును ఎరిగినవారికి ఈ తీర్పులో వింత తోచదు. తేరుకు చక్రాలు మారుస్తారు, ఇరుసులు మారుస్తారు, పుచ్చిన దూలాలను తీసివేసి క్రొత్తవి బిగిస్తారు. అది వేరే తేరు అని ఎవరూ అనరు. ఆ తేరును కూడా ఆంగ్లంలో 'కార్' అనే పిలవడం చమత్కారమే!

పరంపర చీలినప్పుడే అసలు చిక్కు. సయాము దేశపు రాకుమారుడు బీరా 1930 దశకంలో నడిపిన ఇ.ఆర్.ఎ. కార్లకు రోములస్, రీమస్, హనుమాన్ అని పేర్లు పెట్టుకున్నాడు. ఆంజనేయుని పేరుతో ఒక పందెపు కారు యూరప్‌లో పరుగెత్తినదంటే తెలుగువారికి ముచ్చట వేయడం సహజం. ఆ సంస్థ వారి సంఖ్యల పద్ధతి కూడా ముచ్చటైనదే. కారును మెరుగుపరచినప్పుడు సంఖ్య చివరి అక్షరం మారుస్తారు. రేమండ్ మేస్ కారు ఆర్ 4 బి గా పుట్టి, ఆర్ 4 సి అయి, చివరకు ఆర్ 4 డి అయినది. మూడు పేర్లు, కారు ఒక్కటే. పదమూడు అశుభమని ఆర్ 13 బి అన్న సంఖ్యనే వేయలేదు. ఆ సంఖ్యతో కారు దొరికినదని ఎవరైనా అంటే అది మోసమని అప్పుడే తేలిపోతుంది. హనుమాన్ 1939లో రీమ్స్ అభ్యాసంలో దెబ్బతిని, మరొక చట్రం వేసుకున్నది. తీసివేసిన చట్రం మిగిలి ఉన్నప్పుడు, దాని చుట్టూ మరొక కారు కట్టడానికి ఎవరో ఒకరు ముందుకు వస్తారు. అప్పుడు ఇద్దరు హనుమంతులు ఎదురెదురుగా నిలుస్తారు.

2007లో పారిస్‌లో క్రిస్టీస్ సంస్థ 1939 నాటి ఒక ఆటో యూనియన్ కారును వేలం వేయబోయి, దాని పందెపు చరిత్ర మీద సందేహం రాగానే అమ్మకాన్ని నిలిపివేసినది. కోట్ల డాలర్ల వ్యవహారం చట్రం మీది అంకెల దగ్గర ఆగిపోయినది.

మద్రాసులో ఇంటి కార్ల జాడ తీయడం ఇంతకంటె తేలిక. రిజిస్ట్రేషను సంఖ్య అనే ఆధారం ఉన్నది. ఎం.సి. 1 సంఖ్య గల కారు ఓడరేవు నిర్మాణానికి పేరొందిన సర్ ఫ్రాన్సిస్ స్ప్రింగ్‌ది. ఎం.సి. 3 తాటికొండ నంబెరుమాళ్ళ శెట్టిగారిది. హైకోర్టు వంటి ఎర్రటి భవనాలను కట్టిన ఆ తెలుగు మేస్త్రి మద్రాసులో కారు కొన్న మొదటి భారతీయునిగా ప్రసిద్ధుడు. ఒక్క సంఖ్య తెలిస్తే చాలు, మనిషి, ఇల్లు, కాలం వెంట నడచివస్తాయి.

పందెపు కారుకు ఆ సంఖ్యే లేదు. అది రోడ్డు మీదికి రాదు కనుక రిజిస్టరు కాదు. 2021 జూలైలో కేంద్రప్రభుత్వం పాతకాలపు వాహనాలకు 'వి.ఎ.' అక్షరాలతో ప్రత్యేక సంఖ్యలు ఇచ్చే నియమాలు తెచ్చినది. మొదటి రిజిస్ట్రేషను నుంచి 50 సంవత్సరాలు దాటి ఉండాలి. చట్రం గాని, దేహం గాని, ఇంజను గాని పెద్దగా మార్చబడక, తొలిరూపంలో ఉండాలి. ఈ నియమం మహారాజుల రోల్స్‌రాయిస్‌లకు చక్కగా సరిపోతుంది. చోళవరపు స్పెషల్‌కు ఏ విధంగాను సరిపోదు. మొదటి రిజిస్ట్రేషనే లేనిదానికి వయస్సు ఎట్లు లెక్కించాలి? మార్చడమే పుట్టుకగా గలదానికి తొలిరూపం ఏది? నియమం వ్రాసినవారి తలపులో పందెపు కారు లేదన్నది స్పష్టం. ఫలితంగా, కాపాడదగినవాటిలో అతి అరుదైనవి రక్షణ వెలుపల మిగిలిపోయినవి. వాటిలో ఎన్నో ఇప్పటికే పాత ఇనుము కొట్లకు తూకానికి వెళ్ళిపోయి ఉంటాయి.

1990లో శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో 3.717 కిలోమీటర్ల నూతన పందెపు బాట ఆరంభమైనది, చోళవరం మూగబోయినది. అంతకు రెండేండ్ల ముందే, 1988లో, కోయంబత్తూరుకు చెందిన కరివర్ధన్ మారుతి 800 భాగాలతో, ఒంటరి ఆసనంతో, తక్కువ వెలతో ఫార్ములా మారుతి అనే పందెపు కారును రూపొందించి దేశమంతటి యువకులకు దారి చూపారు. 1995లో ఆయన విమాన ప్రమాదంలో మరణించారు. కోయంబత్తూరు బాట ఆయన పేరుతో నిలిచినది. 2005లో ఫార్ములా వన్‌లో అడుగిడిన తొలి భారతీయుడు నరైన్ కార్తికేయన్ బాల్యంలో మొదట కూర్చున్న పందెపు కార్లు ఈ జాతివే. అవన్నీ ఒక్క అచ్చున పోసినట్లుండేవి. ఆ కుర్రవాడు శ్రీపెరుంబుదూరులో నడిపినది వాటిలో ఏదో తేల్చాలంటే, ఆనాటి తనిఖీదారు పట్టీలో చట్రం సంఖ్య వ్రాసుకున్న ఒక్క పంక్తి దొరకాలి.