రాత్రి నానిన ఖర్జూరం: దావత్ మర్నాటి షర్బత్ తారీఖ్



మన ఖాందాన్‌లో ఏ షాదీ గురించి మాట్లాడుకున్నా ముందు బిర్యానీ మాట వస్తుంది. దమ్ సరిగ్గా కుదిరిందా, బోటీ మెత్తగా ఉందా, ఖుబానీ కా మీఠా అందరికీ అందిందా అని ఇరవయ్యేళ్ల తర్వాత కూడా బహస్ నడుస్తుంది. మర్నాడు పొద్దున్న ఇంట్లో మిగిలిన చుట్టాలు ఏం తాగి దాహం తీర్చుకున్నారన్నది మాత్రం ఎవరికీ యాద్ ఉండదు. వలీమా మర్నాడైనా, బాసీ ఈద్ పొద్దున్నైనా అంతే. తినడానికి ఉన్నట్టే ఆ ప్యాస్‌కీ ఒక పెద్ద తారీఖ్ ఉంది. అది బాద్షాల కితాబుల్లో కొంత, హకీముల నుస్ఖాల్లో కొంత దొరుకుతుంది. ఎక్కువ భాగం మాత్రం మన నానీమాల చేతుల్లోనే ఉండిపోయింది.

ముందు ఆ ప్యాస్ ఎందుకు వేస్తుందో చూద్దాం. దావత్ వంటలో ఉప్పు, నెయ్యి, మసాలా మామూలు కంటే ఎక్కువ. ఒంట్లో ఉప్పు పెరిగితే దాన్ని సర్దుకోవడానికి నీళ్లు కావాలి. నిద్ర తక్కువ, షామియానా కింద ఉక్క, చెమట. ఔరతుల విషయంలో ఇంకో సంగతి ఉంది, దీన్ని మనం పైకి అనం. షాదీఖానాలో బాత్రూమ్ దూరం, జరీ బట్టలు, పైన బుర్ఖా, చంకలో పిల్లలు. అందుకే చాలామంది పొద్దుటి నుంచి రాత్రి దాకా కావాలనే నీళ్లు తాగరు. తెల్లారి తలనొప్పి, కళ్లు తిరగడం, ఒళ్లు బరువు. "నజర్ తగిలింది" అని ఉప్పు, మిరపకాయలు తిప్పేస్తాం. ఆ ఉప్పులో ఒక్క చిటికెడు నీళ్లలో కలిపి ఇస్తే సగం బాధ పోతుంది.

దావత్ కోసం రాత్రే సిద్ధం చేసిన పానీయం గురించి మనకున్న ఎంతో పాత రివాయత్ మదీనాది. హజ్రత్ అబూ ఉసైద్ సాఇదీ (రజి) తన షాదీ దావత్‌కు ప్రవక్త (స.అ.స) గారిని పిలిచారు. ఆ రోజు మెహమాన్‌లకు ఖిద్మత్ చేసింది స్వయంగా దుల్హనే. ఆమె ముందటి రాత్రే ఒక పాత్రలో నీళ్లు పోసి ఖర్జూరాలు నానబెట్టింది. ప్రవక్త (స.అ.స) భోజనం ముగించాక ఆ నీళ్లు అందించింది. హజ్రత్ సహ్ల్ బిన్ సాద్ (రజి) చెప్పిన ఈ సంగతి సహీహ్ బుఖారీలో ఉంది.

ఈ హదీసు చదివినప్పుడల్లా నాకు ఆశ్చర్యం వేస్తుంది. ఆ దావత్‌లో ఏం వండారో ఈ రివాయత్‌లో లేదు. నీళ్ల సంగతి మాత్రం ఉంది. ఎవరు నానబెట్టారు, ఎప్పుడు నానబెట్టారు, ఎప్పుడు ఇచ్చారు అన్నది అంతా మిగిలింది. పెళ్లికూతురు తన షాదీ హడావుడిలో కూడా రేపటి మెహమాన్ ప్యాస్ గురించి ఆలోచించింది. పధ్నాలుగు వందల ఏళ్ల తర్వాత మనం ఆ పాత్ర గురించి మాట్లాడుకుంటున్నామంటే ఆ ఆలోచన వల్లే.

ఈ ఖర్జూరం నీళ్లనే అరబ్బులు నబీజ్ అనేవారు. హజ్రత్ ఆయిషా (రజి) చెప్పిన ప్రకారం పొద్దున్న నానబెట్టింది రాత్రికి తాగేవారు, రాత్రి నానబెట్టింది పొద్దున్న తాగేవారు. హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) రివాయత్‌లో గడువు మూడో రోజు సాయంత్రం వరకు, ఆ తర్వాత మిగిలితే పారబోయడమే. తీపి నీళ్లు ఎక్కువసేపు ఉంటే పులిసి నషా ఎక్కుతుంది, నషా హరామ్. మొదట్లో సొరకాయ బుర్ర, ఖర్జూరపు మొద్దు తొలిచిన పాత్ర, తారు పూసిన పాత్ర, పచ్చ పూత కుండ, వీటిలో నబీజ్ పెట్టొద్దన్నారు. ఆ పాత్రల్లో పులుపు తొందరగా ఎక్కుతుంది, పైకి తెలియదు. తోలు సంచిలో అయితే పులిస్తే ఉబ్బి తెలిసిపోతుందని ఉలమా వివరించారు. తర్వాత పాత్రల మీద అభ్యంతరం తీసేసి, నషా ఇచ్చేది మాత్రం తాగొద్దన్న హుకుం నిలిచింది. దీన్ని తాజాతనం లెక్క అనుకున్నా సరిపోతుంది.

నబీజ్ ఇంటి సంగతి. ఇస్లామీ నగరాలు పెరిగాక పానీయం హకీముల చేతికి వచ్చింది. షర్బత్ అన్న మాటకు మూలం తాగడం అనే అర్థమున్న అరబీ ధాతువు. అదే ధాతువు నుంచి వచ్చిన మాట యూరప్ వెళ్లి సిరప్ అయింది. గులాబ్ అంటే ఫార్సీలో పూల నీళ్లు, అది అరబీలో జుల్లాబ్ అయింది. హకీములు ఎంతో ఇష్టంగా రాసిన నుస్ఖా సికంజబీన్. సిర్కా, అంగబీన్ అనే రెండు ఫార్సీ మాటల కలయిక అది, అంటే వెనిగర్, తేనె. హకీం ఇబ్నె సీనా ఈ ఒక్క పానీయం మీదే ఒక రిసాలా రాశారు. యునానీ లెక్కలో బరువైన తిండి మేదాలో వేడి పుట్టిస్తుంది, పులుపు, తీపి కలిసి దాన్ని అణుస్తాయి. ఇరాన్‌లో ఇప్పటికీ ఎండాకాలం చక్కెర, సిర్కా, పుదీనాతో సికంజబీన్ పాకం కాచి, నీళ్లలో కలిపి దోసకాయ తురుము వేసుకుని తాగుతారు. హిందుస్తాన్ వచ్చేసరికి సిర్కా స్థానంలో నిమ్మకాయ చేరి సికంజబీన్ కాస్తా షికంజీ అయింది. పానీయం ఏ ఊరు వెళితే ఆ ఊరి చెట్టు కాయను తెచ్చుకుంది.

బాద్షాల దగ్గర ఈ పనికి ఒక మహకమాయే ఉండేది, పేరు ఆబ్‌దార్‌ఖానా. అక్బర్ కాలం సంగతులు అబుల్ ఫజల్ తన ఆయినె అక్బరీలో రాశాడు. బాద్షా ఇంట్లో ఉన్నా సఫర్‌లో ఉన్నా గంగ నీళ్లే తాగేవాడు. షోరా, అంటే సురేకారం, నీళ్లలో కలిపితే ఆ నీళ్లు చల్లబడతాయి. అందులో తాగే నీళ్ల సురాహీ పెట్టి తిప్పి చల్లార్చేవారు. దర్బార్ పంజాబ్‌కు మారాక కొండల నుంచి లాహోర్‌కు మంచు దిగేది. సురాహీలు, ఆబ్‌దార్లు, మంచు ధర అన్నీ కితాబుకెక్కాయి. ఇంట్లో మట్టికుండకు తడిగుడ్డ చుట్టి అదే చల్లదనం తెప్పించిన ఔరతుల గురించి రాసే అబుల్ ఫజల్ దొరకలేదు.

మన వైపు ఆ తారీఖ్ నాలుకల మీదే ఉంది. రాయలసీమలో నన్నారి షర్బత్, అంటే సుగంధి వేళ్ల కషాయంలో చక్కెర పాకం కలిపి నిమ్మకాయ పిండింది, ఎండాకాలం బండ్ల మీద అమ్ముతారు. నానబెడితే ఉబ్బే తుఖ్మె రైహాన్, మనం సబ్జా అంటాం, నిమ్మ షర్బత్‌లోనూ ఫాలూదాలోనూ వేస్తాం. పక్కింటి వాళ్లు శ్రీరామనవమికి పంచే పానకంలో బెల్లం, మిరియాలు, యాలకులు. మన ఇఫ్తార్‌లో ఖర్జూరం, నీళ్లు. పేర్లు వేరు, ఎండ ఒకటే.

మా నానీమా ఇంట్లో షాదీలు వాకిట్లో షామియానా వేసి చేసేవారు. ఆ రాత్రి అందరూ పడుకున్నాక ఆమె రెండు కుండలు నింపేది. ఒకదాంట్లో గింజ తీసిన ఖర్జూరాలు, రెండో దాంట్లో చింతపండు, బెల్లం. పొద్దున్న ఫజర్ తర్వాత వాటిని గుడ్డలో వడగట్టి, చిటికెడు ఉప్పు, వేయించిన జీలకర్ర పొడి వేసేది. నాకు బాగా గుర్తున్నది ఆమె తర్తీబ్. మొదటి గ్లాసు దూల్హా ఇంటి వాళ్లకు కాదు. పెరట్లో దేగ్‌లు తోముతున్న వాళ్లకు, షామియానా విప్పుతున్న కుర్రాళ్లకు. "రాత్రంతా నిలబడింది వీళ్లే కదా" అనేది. ఆ తర్వాతే మెహమాన్‌లకు, ఆఖర్న ఆమెకు.

నానీమా చిటికెడు ఉప్పు ఎందుకు వేసేదో సైన్సుకు 1960లలో బాగా అర్థమైంది. పేగు గోడలో ఉప్పులోని సోడియం, గ్లూకోజ్ జంటగా లోపలికి వెళతాయి, వాటి వెంట నీళ్లు వెళతాయి. ఉత్త నీళ్ల కంటే కాస్త తీపి, కాస్త ఉప్పు కలిసిన నీళ్లు ఒంటికి బాగా పడతాయి. 1971లో బంగ్లాదేశ్ యుద్ధ సమయంలో బన్‌గావ్ శరణార్థుల శిబిరంలో కలరా విరుచుకుపడింది. సెలైన్ సీసాలు అయిపోతే డాక్టర్ దిలీప్ మహలనబీస్ ఉప్పు, గ్లూకోజ్ కలిపిన నీళ్లను డ్రమ్ముల్లో నింపి తాగించారు. సుమారు 30 శాతం ఉన్న మరణాలు 4 శాతం లోపుకు దిగాయి. ఆ తర్వాత బంగ్లాదేశ్‌లో బ్రాక్ సంస్థ 1980 నుంచి పదేళ్లపాటు ఇంటింటికీ ఔరతులను పంపి, మూడు వేళ్ల చిటికెడు ఉప్పు, పిడికెడు బెల్లం, అర సేరు నీళ్లు అని తల్లులకు నేర్పించింది. కోటి ఇళ్లకు పైగా ఆ పాఠం చేరింది. తరాజు లేదు, వేళ్లే కొలత. చిటికెడు, పిడికెడు అన్న మాటలు మన వంటింటివే.

ఈ మధ్యలో సీసా షర్బత్ కథ కూడా ఉంది. హకీం హాఫిజ్ అబ్దుల్ మజీద్ 1906లో ఢిల్లీలో హమ్‌దర్ద్ దవాఖానా పెట్టారు, మరుసటి ఏడు రూహ్ అఫ్జా వచ్చింది. ఢిల్లీ ఎండకు, లూ గాలికి దవాగా మొదలైన షర్బత్ అది. 1922లో ఆయన ఇంతెకాల్ తర్వాత బేగం రాబియా, పిల్లలు దాన్ని నిలబెట్టారు. తక్సీమ్‌తో ఒక కొడుకు హకీం అబ్దుల్ హమీద్ ఢిల్లీలో ఉండిపోయారు, ఇంకో కొడుకు హకీం ముహమ్మద్ సయీద్ కరాచీ వెళ్లారు. దేశాలు విడిపోయినా రెండు చోట్లా ఇఫ్తార్ గ్లాసు అదే ఎరుపు.

ఇప్పుడు మన షాదీఖానాల్లో దస్తర్‌ఖాన్ మీద గ్యాస్ సీసాలే. లీటరు కూల్‌డ్రింక్‌లో సుమారు 100 గ్రాముల చక్కెర ఉంటుంది. లీటరు ఓఆర్ఎస్‌లో గ్లూకోజ్ 13.5 గ్రాములే. అంత తీపి దాహం తీర్చకపోగా పెంచుతుంది, షుగర్ ఉన్న పెద్దవాళ్లకు ఇంకా నుక్సాన్. మెహమాన్‌లు సీసాలు ఖాళీ చేసి వెళ్లిపోతారు, దేగ్‌లు కడిగేవాళ్లకు కుళాయి నీళ్లు. ఇంకో సంగతి, మన చాంద్ కేలెండర్ ఏటా పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది కాబట్టి రాబోయే కొన్నేళ్లు బక్రీద్ మే, ఏప్రిల్ నెలల నిండు ఎండలో పడుతుంది. మూడు రోజుల మాంసం, నలభై దాటిన ఎండ. బాసీ ఈద్ పొద్దుటి ప్యాస్ ఇకపై చిన్న విషయం కాదు.

అందుకే చేసే పద్ధతి రాస్తున్నాను, ఖర్చు ఎక్కువ కాదు. లీటరు మంచినీళ్లలో మెత్తని ఖర్జూరాలు ఏడెనిమిది, గింజ తీసి, రాత్రి పడుకునే ముందు వేసి మూత పెట్టండి. మదీనా రాత్రి వేరు, మన గుంటూరు, కర్నూలు మే నెల రాత్రి వేరు. కాబట్టి ఫ్రిజ్‌లో పెట్టండి, లేదంటే తెల్లారగానే వాడేయండి. పొద్దున్న చేత్తో పిసికి వడగట్టి, చిటికెడు ఉప్పు, అర చెక్క నిమ్మరసం, నానిన సబ్జా ఒక చెంచా కలపండి. బుడగలు కనిపించినా, పుల్లటి వాసన వచ్చినా పారబోయండి. షుగర్ ఉన్నవాళ్లకు ఖర్జూరం వద్దు, పలచని మజ్జిగలో ఉప్పు, జీలకర్ర, పుదీనా చాలు. బీపీ ఉన్నవాళ్లకు ఉప్పు మానేయండి. వాంతులు, విరేచనాలు అయితే షర్బత్‌తో సరిపెట్టకుండా ఓఆర్ఎస్ పాకెట్ కలిపి ఇచ్చి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.

భాయ్‌లకు ఒక మాట. ఖర్జూరం నానబెట్టడానికి పెద్ద వంట రానక్కర్లేదు. మదీనాలో ఆ రోజు దుల్హన్ చేసింది కాబట్టి ఎప్పటికీ ఆడవాళ్లే చేయాలని ఎక్కడా లేదు. వలీమా రాత్రి అందరికంటే ఆలస్యంగా కూర్చునేది, అందరికంటే తక్కువ తాగేది మన ఇంటి ఔరతులే. ఈసారి ఆ కుండ మీరు నింపండి. పొద్దున్న మొదటి గ్లాసు పెరట్లో దేగ్ తోముతున్న చేతికి, రెండోది వంటింట్లో నిలబడ్డ చేతికి ఇవ్వండి. మిగిలింది మనం తాగుదాం, ఇన్షా అల్లాహ్.