ఓడిన రాత్రి కోచ్ మాట

1982 మార్చి 29. న్యూ ఆర్లియన్స్‌లోని సూపర్‌డోమ్‌లో అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్ ఫైనల్. 61 వేలకు పైగా జనం. మొదటి సంవత్సరం చదువుతున్న మైకేల్ జోర్డాన్ బాస్కెట్ వేయడంతో నార్త్ కరోలినా 63-62తో ముందుకొచ్చింది. ఇంకా కొన్ని సెకన్లున్నాయి, బంతి జార్జ్‌టౌన్ చేతిలో ఉంది. ఆ జట్టు గార్డు ఫ్రెడ్ బ్రౌన్ తన కుడివైపు కదిలిన మనిషిని సహచరుడే అనుకుని బంతి అందించేశాడు. అందుకున్నది ప్రత్యర్థి జట్టు జేమ్స్ వర్తీ. అక్కడితో మ్యాచ్ ముగిసినట్టే.

జార్జ్‌టౌన్ కోచ్ జాన్ థామ్సన్ ఆరడుగుల పది అంగుళాల మనిషి. భుజం మీద ఎప్పుడూ తెల్ల తువ్వాలు ఉండేది. ఆయన బ్రౌన్ దగ్గరికి వెళ్లి, కెమెరాలన్నీ చూస్తుండగానే ఆ కుర్రాణ్ణి రెండు చేతులతో పొదివి పట్టుకున్నాడు. ఇతను పోగొట్టిన మ్యాచ్‌ల కంటే గెలిపించినవే ఎక్కువన్నది ఆ రాత్రి ఆయన మాట. రెండేళ్ల తర్వాత జార్జ్‌టౌన్ టైటిల్ గెలిచినప్పుడు కూడా థామ్సన్, బ్రౌన్ కౌగిలించుకున్న దృశ్యం టీవీల్లో వచ్చింది.

నేను చాలాకాలం స్పోర్ట్స్ డెస్క్‌లో సబ్‌ఎడిటర్‌గా పనిచేశాను. ఓడిన జట్టు కోచ్ మాటను ఎలా వాడతామో లోపలి నుంచి తెలుసు. ఏజెన్సీ కాపీలో ఆయన పది వాక్యాలు మాట్లాడి ఉంటాడు. తొమ్మిది వాక్యాల్లో ప్రత్యర్థి బాగా ఆడాడనీ, మేం రీబౌండ్లు పట్టలేకపోయామనీ ఉంటుంది. పదో వాక్యంలో ఒక పేరుంటుంది. హెడ్డింగు దానిలోంచే వస్తుంది. ఎడిషన్ టైమ్ దగ్గర పడుతుంటే ఎవరికైనా కన్ను అక్కడికే పోతుంది. అందుకే కోచ్ నోరు తెరిచేముందు ఆ పదో వాక్యం గురించి ఆలోచించాలని నేను గట్టిగా నమ్ముతాను.

ఒకప్పుడు ఈ బాధ ఇంత లేదు. బోస్టన్ సెల్టిక్స్‌కు 1957 నుంచి 1966 మధ్య తొమ్మిది టైటిళ్లు సంపాదించి పెట్టిన కోచ్ రెడ్ ఆయెర్‌బాక్ డ్రెస్సింగ్ రూమ్‌లో చండశాసనుడు. అయితే అందరి మీదా ఒకేలా అరిచేవాడు కాదు. తట్టుకోగలడని తెలిసిన టామీ హైన్‌సన్‌ను దులిపేసేవాడు. మిగతావాళ్లకు సంగతి అర్థమయ్యేది. ఆ తిట్లన్నీ నాలుగు గోడల మధ్యే. ఆయన దగ్గర 1964 నుంచి రెండు సీజన్లు, బిల్ రసెల్‌కు బదులు ఆటగాడిగా బెంచి మీద గడిపినవాడే ఈ జాన్ థామ్సన్. జార్జ్‌టౌన్ కోచ్ అయ్యాక కొత్తగా చేరిన కుర్రాళ్లను కొన్ని నెలలపాటు విలేకరులతో మాట్లాడనిచ్చేవాడు కాదు. పత్రికలు ఆయన్ని అనుమానపు మనిషని ఆడిపోసుకున్నాయి. నేనూ ఆ వృత్తివాణ్ణే, అయినా థామ్సన్ పక్షమే.

1979లో క్రీడల టీవీ ఛానల్ ఈఎస్‌పీఎన్ మొదలైంది. రాత్రి అన్న మాట మర్నాడు పొద్దున పేపర్లో చదువుకునే రోజులు పోయి, అన్న నోటితోనే పదేపదే వినబడే రోజులొచ్చాయి. మ్యాచ్ తర్వాత మైకు ముందుకు రావడం అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏలో కోచ్‌కు ఉద్యోగంలో భాగమైపోయింది. తప్పించుకుంటానంటే కుదరదు.

1993 కాలేజీ ఫైనల్ కూడా అదే సూపర్‌డోమ్‌లో. గెలిచింది మళ్లీ నార్త్ కరోలినాయే. రెండు పాయింట్లు వెనకబడిన మిచిగన్‌కు 11 సెకన్లు మిగిలి ఉండగా క్రిస్ వెబర్ టైమ్‌అవుట్ అడిగాడు. జట్టుకు టైమ్‌అవుట్లు అయిపోయాయి. లేనిది అడిగితే టెక్నికల్ ఫౌల్. అంతకు ముందు ఆ మ్యాచ్‌లో అతను 23 పాయింట్లు చేశాడు, 11 రీబౌండ్లు పట్టాడు. అవెవరికీ గుర్తులేవు. కోచ్ స్టీవ్ ఫిషర్, టైమ్‌అవుట్లు లేవన్న సంగతి తాము స్పష్టంగా చెప్పలేకపోయి ఉంటామన్నట్టు మాట్లాడాడు. తప్పులో వాటా తీసుకున్నాడు. ఆ రోజుకు అంతకంటే కోచ్ చేయగలిగిందేమీ లేదు.

వాటా తీసుకోవడంలోనూ ఒక చిక్కుంది. 1994 ఎన్‌బీఏ ఫైనల్స్ ఏడో మ్యాచ్‌లో న్యూయార్క్ గార్డు జాన్ స్టార్క్స్ 18 షాట్లు వేస్తే రెండే పడ్డాయి. హ్యూస్టన్ 90-84తో గెలిచింది. కోచ్ పాట్ రైలీ అతన్ని ఆటలోంచి తీయలేదు. బెంచి మీదున్న రొలాండో బ్లాక్‌మన్‌ను ఆడించకపోవడం తన పెద్ద తప్పని రైలీ తర్వాత ఒప్పుకున్నాడు. గొప్ప మనసే, కాదనను. కానీ స్టార్క్స్ చెవితో వింటే ఆ మాటకు ‘నిన్ను తీసేయాల్సింది’ అని కూడా అర్థం.

అదే ఏడాది మే 13న షికాగోలో జరిగింది నాకు అన్నింటికంటే మంచి పాఠంలా కనిపిస్తుంది. న్యూయార్క్‌తో స్కోరు సమం, మిగిలింది 1.8 సెకన్లు. ఆఖరి షాట్ టోనీ కూకోచ్ వేయాలని షికాగో కోచ్ ఫిల్ జాక్సన్ గీసి చూపించాడు. జట్టులో పెద్ద ఆటగాడైన స్కాటీ పిపెన్ అలిగి కోర్టులోకి దిగనే లేదు. కూకోచ్ షాట్ పడింది, షికాగో గెలిచింది. డ్రెస్సింగ్ రూమ్‌లో సహచరుడు బిల్ కార్ట్‌రైట్ కన్నీళ్లతో పిపెన్‌ను నిలదీశాడు. విలేకరుల ముందు జాక్సన్ మాత్రం పిపెన్ తానే ఆ ఆటలోంచి తప్పుకున్నాడని చెప్పి, అంతటితో ఆపేశాడు. దాచలేదు, ఆ మనిషి ఎలాంటివాడో తేల్చనూ లేదు. తర్వాతి మ్యాచ్‌లో పిపెన్ 25 పాయింట్లు కొట్టాడు. ఆ ఇద్దరూ కలిసి 1996 నుంచి వరసగా మరో మూడు టైటిళ్లు గెలిచారు.

ఆ 1993-94 సీజన్‌లో మోకాలి గాయంతో చాలాభాగం కూర్చుండిపోయిన న్యూయార్క్ ఆటగాడొకడున్నాడు, డాక్ రివర్స్. 2021 జూన్ 20న ఆయన ఫిలడెల్ఫియా కోచ్. అట్లాంటాతో ఏడో మ్యాచ్ చివరి నిమిషాల్లో బెన్ సిమన్స్ సరిగ్గా రింగు కిందికి చేరాడు. అడ్డుగా ఉన్నది పొట్టి ట్రే యంగ్. డంక్ చేయాల్సినవాడు బంతిని పక్కకు అందించాడు. ఆ ప్లేఆఫ్స్‌లో అతని ఫ్రీ త్రోలు 73లో 25 మాత్రమే పడ్డాయి. ఫౌల్ చేసి మళ్లీ ఫ్రీ త్రో గీత దగ్గర నిలబెడతారన్న భయమే అలా చేయించిందని నాకనిపిస్తుంది. ఫిలడెల్ఫియా ఓడింది. టైటిల్ గెలవాలనుకునే జట్టుకు సిమన్స్ పాయింట్ గార్డుగా పనికొస్తాడా అని అడిగారు. ఇప్పుడు ఆ ప్రశ్నకు జవాబు తనకు తెలియదన్నాడు రివర్స్.

సీజన్ పొడుగునా సిమన్స్‌ను వెనకేసుకొచ్చిన మనిషి ఆయన. అలసి ఉన్నాడు, అబద్ధం చెప్పలేదు. కానీ అడిగింది మ్యాచ్ గురించి కాదు, మనిషి గురించి. దానికి ఆ రాత్రి జవాబు చెప్పక్కర్లేదు. రింగు కింద ఏం జరిగిందో చెప్పి, మిగతాది నేనూ అతనూ మాట్లాడుకుంటామంటే సరిపోయేది. తన మాటను అపార్థం చేసుకున్నారని రివర్స్ తర్వాత వివరించాడు. సిమన్స్ మళ్లీ ఫిలడెల్ఫియా తరఫున ఆడలేదు. 2022 ఫిబ్రవరిలో బ్రూక్లిన్‌కు వెళ్లిపోయాడు.

కోచ్ మాట ఒక్కటే ఆటగాణ్ణి నిలబెడుతుందని నేననను. 2024 ఏప్రిల్‌లో శాక్రమెంటోలో క్లే థామ్సన్ పది షాట్లు వేస్తే ఒక్కటీ పడలేదు, గోల్డెన్ స్టేట్ సీజన్ ముగిసిపోయింది. అతని కాంట్రాక్టూ అప్పటికే ఆఖరికొచ్చింది. ఆ రాత్రే కోచ్ స్టీవ్ కెర్, క్లే మాకు మళ్లీ కావాలని తడుముకోకుండా చెప్పాడు. అయినా ఆ వేసవిలో క్లే డాలస్‌కు వెళ్లిపోయాడు. అందుకు కారణాలు కాంట్రాక్టులోనూ, జట్టులో తగ్గిన స్థానంలోనూ ఉన్నాయి. కెర్ ఆ రాత్రి అన్న మాటలో లేవు.