గంగా తలావ్: తేదీ తెలిసిన పుణ్యతీర్థం



శివరాత్రి రద్దీ తగ్గాక మా గుడి తెలుగు తరగతి పిల్లలను గంగా తలావ్‌కు తీసుకెళ్ళాలని అనుకుంటున్నాం. బస్సు, భోజనాల పని వేరేవాళ్ళు చూస్తున్నారు. బస్సులో ఆ చెరువు చరిత్ర చెప్పే పని నాకు ఇచ్చారు. చెప్పవలసింది ముందుగా ఇక్కడ రాసుకుంటున్నాను. మారిషస్ ఎప్పుడూ చూడని మీకు కూడా ఇది పనికొస్తుందని ఆశ.

ఈ పని తేలిక కాదు. తరగతిలో ఒక అమ్మాయి అప్పుడే అడిగింది: "తాతయ్యా, శివుడు నిజంగా ఇక్కడికి వచ్చాడా?" గుడిలో ఒక పెద్దాయన నాతో అన్నారు: "తేదీలు, ఓడల లెక్కలు చెప్పకండి. పిల్లలకు భక్తి పోతుంది." ఇద్దరికీ సరిపోయే జవాబు ఒకటి చెప్పాలని నా ప్రయత్నం.

ముందు చెరువు గురించి. ఇది మారిషస్ దక్షిణ భాగంలో, సవాన్ జిల్లాలో ఉంది. సముద్రమట్టానికి సుమారు 550 మీటర్ల ఎత్తు. మా ద్వీపమే అగ్నిపర్వతాల వల్ల పుట్టింది. పాత అగ్నిపర్వతం నోట్లో నీళ్ళు నిలిచి ఈ చెరువు అయింది. ఫ్రెంచి పేరు గ్రాన్ బాసాన్, అంటే పెద్ద కొలను. చుట్టూ పచ్చని అడవి, తరచుగా మంచు, వాన. ఇక్కడ దేవకన్యలు రాత్రిపూట స్నానం చేస్తారని ఒక పాత కథ ఉంది. అందుకే మన కూలీలు దీన్ని పరీ తలావ్ అన్నారు. తలావ్ అంటే భోజ్‌పురీలో చెరువు.

ఇక శివుడి కథ. శివపార్వతులు భూమి చుట్టూ విహరిస్తూ ఈ ద్వీపం అందం చూసి దిగారట. దిగేటప్పుడు శివుడి తలమీద ఉన్న గంగ నుంచి కొన్ని చుక్కలు కిందపడి చెరువు అయ్యాయట. మనుషులు లేని చోట తన నీళ్ళు పడ్డాయని గంగ బాధపడింది. అప్పుడు శివుడు అన్నాడట: ఒకరోజు నీ ఒడ్డున బతికిన జనం ఇక్కడికి వచ్చి స్థిరపడతారు, ఈ నీళ్ళతో నన్ను పూజిస్తారు.

ఈ చివరి మాట దగ్గర ఆగి ఆలోచించండి. గంగ ఒడ్డు జనం ఈ ద్వీపానికి ఎప్పుడు వచ్చారు? 1834 నుంచి. 1835లో ఇక్కడ బానిసత్వం రద్దయింది. చెరకు తోటలకు మనుషులు కావలసి వచ్చి, ఒప్పందం మీద కూలీలను భారతదేశం నుంచి తెచ్చారు. సుమారు 80 ఏళ్ళలో నాలుగున్నర లక్షల మందికి పైగా వచ్చారు. ఎక్కువమంది బీహార్ వైపు వాళ్ళు. మన తెలుగువాళ్ళలో కొందరు గోదావరి సముద్రంలో కలిసే చోట ఉన్న కోరంగి రేవులో ఓడ ఎక్కారు. అందుకే ఇక్కడ తెలుగువాళ్ళను చాలాకాలం "కొరింగీ" అని పిలిచారు.

చాలామంది మళ్ళీ తమ ఊరు చూడలేదు. చాలా ఏళ్ళపాటు, ఒప్పందం ముగిసినవాళ్ళు కూడా పాసు దగ్గర పెట్టుకొని తిరగాలి. పాసు లేకుండా దొరికితే దేశదిమ్మరి అని పట్టుకునేవారు.

1897లో త్రియోలె అనే ఊళ్ళో ఝుమ్మన్ గిరి అనే పూజారికి ఒక కల వచ్చింది. ఈ చెరువు నీళ్ళు గంగ నుంచే వస్తున్నట్టు ఆయన కలలో చూశారు. 1898 శివరాత్రికి ఆయన, మరికొందరు నడిచి వెళ్ళి నీళ్ళు తెచ్చుకున్నారు. త్రియోలె ఉత్తరాన ఉంది, చెరువు దక్షిణాన ఉంది. అంటే ద్వీపం ఈ కొస నుంచి ఆ కొస దాకా నడక. 1972లో గోముఖ్ నుంచి గంగాజలం తెచ్చి చెరువులో కలిపారు. అప్పటినుంచి పేరు గంగా తలావ్.

ఇప్పుడు ఆ అమ్మాయికి నా జవాబు. శివుడు చెప్పిన ఆ మాటలో మన ముత్తాతలే ఉన్నారు. వాళ్ళు వచ్చాకే ఆ మాట పుట్టిందని నేను అనుకుంటాను. ఊరికి తిరిగి వెళ్ళలేనివాళ్ళు ఊరి నదిని తమ దగ్గరికి పిలిచారు. "మీరు దారి తప్పి రాలేదు, మీరు వస్తారని దేవుడికి ముందే తెలుసు" అని ఆ కథ వాళ్ళకు చెప్పింది. పాసు అడిగే దేశంలో ఆ మాటకు ఎంత విలువో ఊహించండి.

పెద్దాయనకు కూడా ఇదే జవాబు. తేదీ చెబితే భక్తి తగ్గదు. ఎవరి భక్తి వల్ల ఈ చోటు తీర్థం అయిందో తెలుస్తుంది.

"మనం గంగ ఒడ్డు వాళ్ళం కాదు కదా" అని తెలుగు పిల్లలు అడగవచ్చు. నిజమే. కానీ గోదావరి కథ గుర్తు చేసుకోండి. గౌతముడు తపస్సు చేసి శివుడి జటలో ఉన్న గంగను దక్షిణానికి రప్పించాడు, అదే గోదావరి అయింది అంటారు. కోరంగి నుంచి వచ్చినవాళ్ళకు గంగ వేరే చోట పుట్టడం కొత్త సంగతి కాదు.

మీరు కూడా రావాలనుకుంటే కొన్ని సూచనలు. శివరాత్రికి లక్షల మంది వస్తారు. చాలామంది తెల్లబట్టలతో, వెదురు కావడి భుజాన పెట్టుకొని రోజుల తరబడి నడిచి వస్తారు. అది చూడాలంటే ఆ రోజుల్లో రండి. నింపాదిగా చూడాలంటే మామూలు రోజు ఉదయం మేలు. స్వెటర్, గొడుగు మరచిపోవద్దు. కోతులు ఉంటాయి, అరటిపళ్ళు జాగ్రత్త. దారిలో 108 అడుగుల శివుడి విగ్రహం కనిపిస్తుంది. అది 2007 నాటిది. ఫోటోలు తీసుకోండి, కానీ నీళ్ళ దగ్గర ఎక్కువసేపు ఉండండి. మొదటివాళ్ళు వచ్చినప్పుడు అక్కడ ఉన్నది ఆ నీళ్ళే.

మా పిల్లలకు ఒక పని పెట్టాను. బస్సు ఎక్కేలోపు ఇంట్లో పెద్దవాళ్ళను అడిగి, మొదట వచ్చిన పూర్వీకుడి పేరు, ఊరు తెలుగులో రాసుకొని రావాలి. ఇంట్లో తెలియకపోతే మోకాలో మహాత్మా గాంధీ సంస్థలో పాత వలస రికార్డులు ఉన్నాయి, అక్కడ వెతుకుదాం. చెరువు గట్టు మీద ఆ పేర్లు గట్టిగా చదివిస్తాను.

ఈసారి మాటలు:
తీర్థం: పవిత్రమైన నీళ్ళు, ఆ నీళ్ళు ఉన్న చోటు.
కావడి: భుజం మీద మోసే బద్ద. ఇక్కడి భోజ్‌పురీవాళ్ళు కాన్వర్ అంటారు.
రేవు: ఓడలు ఆగే చోటు.
గట్టు: చెరువు ఒడ్డు.