కొండకు తేలికపాటి గ్యాసు పొయ్యి: ఏది కొనాలి, ఏది మార్చుకోవచ్చు

చిక్కబళ్లాపురం, బాగేపల్లి, చింతామణి వైపు మన ఇళ్లలో సెలవు వస్తే పిల్లలు కొండల దారి పడుతున్నారు. నందికొండ, స్కందగిరి, గుమ్మనాయకనపాళ్యం కోట, అంబాజీదుర్గం ఇలా ఏదో ఒకటి. పెద్దవాళ్లం యాత్రలకు పోతాం. ఇద్దరూ చిన్న గ్యాసు పొయ్యి కొంటున్నారు, తమకు తోచినట్టు మార్చుకుంటున్నారు కూడా. అందుకే ఈ వివరాలు.

ముందు అనుమతి సంగతి

రిజర్వు అడవిలో అనుమతి లేకుండా నిప్పు రాజేయడం కర్ణాటక అటవీ చట్టం (1963) ప్రకారం నేరం. గ్యాసు పొయ్యి కూడా నిప్పే. ఎండాకాలంలో మన కొండల మీద బోదగడ్డి అంటుకుంటే ఆర్పేవాళ్లుండరు. అటవీశాఖ చేతిలో ఉన్న కొండ అయితే వంట కింద ఊళ్లోనే కానివ్వండి, పైకి కట్టిన అన్నం తీసుకుపోండి.

పొయ్యి రకాలు

1. 5 కిలోల సిలిండరు: ఇండియన్ ఆయిల్ వాళ్లు 'ఛోటు' పేరుతో అమ్ముతారు. గుర్తింపు కార్డు చూపితే చాలు, చిరునామా రుజువు అక్కరలేదు. ఖాళీ సిలిండరుతో కలిపి 10 కిలోలు దాటుతుంది. బండిలో వెళ్లే కుటుంబానికి సరే, వీపున మోయడానికి కాదు.

2. పెట్టె పొయ్యి: పొడవాటి డబ్బాను పక్కన అడ్డంగా పెట్టే రకం. డబ్బాలో సుమారు 220 గ్రాముల గ్యాసు. నేల మీద కదలకుండా కూర్చుంటుంది. బరువు కిలోన్నర, రెండు కిలోలు.

3. మరల డబ్బా మీద బిగించే బర్నరు: బర్నరు సుమారు 100 గ్రాములు, 230 గ్రాముల గ్యాసున్న డబ్బాతో కలిపి అరకిలో లోపే. కాలినడకకు ఇదే తగినది. కాఫీకి, ఉప్మాకు బాగుంటుంది. సంగటి మాత్రం వద్దు. తెడ్డు వేసి గట్టిగా కెలికితే పొయ్యి ఒరుగుతుంది.

4. గొట్టంతో వేరుగా నిలిచే బర్నరు: కొంచెం బరువు, ధర ఎక్కువ. ఎత్తు తక్కువ కాబట్టి గిన్నె పడదు.

ఎంత గ్యాసు కావాలి

గాలి లేనిచోట, మూత పెట్టి, లీటరు నీళ్లు కాగడానికి 12 నుంచి 15 గ్రాములు చాలు. అంటే 230 గ్రాముల డబ్బా పదిహేను లీటర్లకు వస్తుంది. గాలి కొడితే ఖర్చు రెట్టింపు కావచ్చు. కొత్త డబ్బాను తూచి ఆ బరువు దాని మీదే రాసిపెట్టుకుంటే, తరువాత ఎంత వాడారో తెలుస్తుంది.

బ్యూటేన్ సుమారు సున్నా డిగ్రీల దగ్గర ఆవిరి కావడం మానేస్తుంది. మన కొండల్లో అంత చలి ఉండదు, మామూలు డబ్బా చాలు. హిమాలయాలకు పోయేవాళ్లే ఐసోబ్యూటేన్, ప్రొపేన్ కలిపిన ఖరీదైన డబ్బా కొనాలి. నందికొండ ఎత్తు 1,478 మీటర్లు. అక్కడ నీళ్లు సుమారు 95 డిగ్రీలకే మరుగుతాయి, అన్నం కాస్త ఆలస్యంగా ఉడుకుతుంది.

మార్చుకోదగినవి

పొయ్యి చుట్టూ ఉన్నవి మార్చుకోవచ్చు, గ్యాసు నడిచే దారిని మార్చరాదు. ఇదొక్కటే సూత్రం.

• గాలికి అడ్డు: పలచని అల్యూమినియం రేకు చాలు. డబ్బా మీద బిగించే పొయ్యికి గాలి వచ్చే వైపు మాత్రమే నిలపాలి. చుట్టూ కప్పితే డబ్బా కాగి పేలుతుంది. చెయ్యి పెట్టి చూడండి, వేడి తగిలితే వెంటనే ఆర్పండి.
• అడుగు: బండమీద ఒరగకుండా చిన్న చెక్కపలక, లేదా డబ్బాకు అమర్చే మూడుకాళ్ల పీట.
• గిన్నె: మూత ఉన్న చిన్న గిన్నె. పెద్ద పెనం పెడితే వేడి కిందికి తిరిగి డబ్బాను కాలుస్తుంది.

చేయకూడనివి

బర్నరు రంధ్రం పెద్దది చేయడం, వాషరు బదులు దారం చుట్టడం, వెల్డింగు షాపులో గొట్టం అతికించడం ప్రాణాంతకం. ఇంటి సిలిండరు నుంచి డబ్బా నింపడం అంతకంటే ప్రమాదం. ఇంటి గ్యాసులో ప్రొపేన్ కలిసి ఉంటుంది, ఒత్తిడి ఎక్కువ. పలచని డబ్బా దానికి తట్టుకోదు. ఇలా నింపడం చట్టవిరుద్ధం కూడా.

బిగించాక సబ్బునీళ్లు పూసి చూడండి. బుడగ వస్తే వెలిగించవద్దు. గుడారంలో, గుహలో, అద్దాలెత్తిన కారులో అసలు వద్దు. ఈ గ్యాసు గాలికన్నా బరువు, నేలమట్టాన నిలిచిపోతుంది. కనబడని విషవాయువు కూడా కమ్ముతుంది.

రైల్లో, విమానంలో

2023 ఆగస్టు 26న మదురైలో ఆగి ఉన్న యాత్రికుల బోగీలో మంటలు లేచి తొమ్మిది మంది చనిపోయారు. లోపలికి తెచ్చిన గ్యాసు సిలిండరే కారణమని రైల్వే తెలిపింది. కాశీకో రామేశ్వరానికో పోయేవాళ్లు పొయ్యి, డబ్బా ఏదీ రైలెక్కించవద్దు. విమానంలో డబ్బా చేతిసంచిలోనూ, పెట్టెలోనూ నిషేధమే. చేరిన ఊళ్లో కొనుక్కోండి.

ఖాళీ డబ్బాలు కొండమీద వదలకుండా కిందికి తెచ్చి, పాత ఇనుము కొనేవాళ్లకు ఖాళీ అయిందని చెప్పి ఇవ్వండి. గ్యాసు మిగిలిన డబ్బాకు చిల్లు పొడవకండి, చెత్తతో కలిపి కాల్చకండి.