గుస్సకు గొంతే పుట్టిల్లు

సూర్యాపేట బస్టాండులోనో, మిర్యాలగూడ రైస్ మిల్లుల దగ్గరో కాసేపు చెవి ఒగ్గితే కోపానికి రెండు మాటలు వినబడతాయి. ‘గరమైండు’ అన్నారంటే ఆ మనిషి అరుస్తున్నట్టు. ‘నా మీద గుస్సయిండు’ అన్నారంటే మాత్రం, చాలాసార్లు, అతను నొచ్చుకొని మాట్లాడడం మానేసినట్టు. గరం పారసీ మాట, అర్థం వేడి. దాని సంగతి అంతే. గుస్సది పెద్ద కథ.

అరబ్బీలో ఆ మాటకు గొంతుకు అడ్డంపడి ఊపిరాడనివ్వనిది అని అర్థం. పారసీలో అది దుఃఖమైంది. ఉర్దూకు వచ్చేసరికి కోపమైంది. నిజాం ఏలుబడి చివరి దశాబ్దాల్లో, 1948 దాకా, ఈ సీమ కచేరీ భాష ఉర్దూ. దరఖాస్తు, జమాబందీ లాంటివి ఆ దారిన వచ్చాయి. గుస్స మాత్రం ఫర్మానాతో వచ్చి ఉండదు. అంగట్లో, దోస్తానాలో అంటుకొని ఉంటుంది. కోదాడ దాటి జగ్గయ్యపేట వైపు పోతున్నకొద్దీ దాని వాడుక పలచబడి, ‘కోప్పడ్డాడు’ ముందుకొస్తుంది.

ఇంగ్లీషువాళ్ల ‘యాంగర్’ కూడా ఇలాగే బయటినుంచి వచ్చిందే. 9వ శతాబ్దం నుంచి ఇంగ్లండు ఉత్తర, తూర్పు సీమల్లో స్థిరపడిన వైకింగుల నార్స్ భాషలో ‘అంగ్ర్’ అంటే దుఃఖం, బాధ. ఇంగ్లీషులోనూ 1200 ప్రాంతాల్లో దాని అర్థం బాధే. ఆగ్రహం ఆ తర్వాత చేరింది. ఇంకా వెనక్కి పోతే ‘ఇరుకు, బిగింపు’ అనే ఇండో-యూరోపియన్ ధాతువు తగులుతుంది. లాటిన్ ‘అంజైనా’, జర్మన్ ‘అంగ్స్ట్’, మన పండితులు పాపానికి పర్యాయంగా వాడే సంస్కృత ‘అంహస్సు’, అన్నీ ఆ కుదుటివే. ఒకదానికొకటి ఏ చుట్టరికమూ లేని రెండు మాటలు బిగింపులో మొదలై, దుఃఖం మీదుగా కోపానికి చేరాయి. నన్ను ఆశ్చర్యపరిచేది ఇదే.

మన ‘కోపం’ దారి వేరు. సంస్కృత ‘కుప్’ ధాతువుకు కదలడం, క్షోభించడం అని అర్థం. ఋగ్వేదంలో అలా కదిలిపోతున్న కొండలను ఇంద్రుడు నిలబెట్టాడు. ఆయుర్వేద వైద్యుడు ఇప్పటికీ వాత ప్రకోపం అంటాడు. అందులో గొంతు లేదు. అయినా కోపాన్ని దిగమింగుతాం, విషం కక్కుతాం అంటూ తెలుగు వాడుక దాన్నీ గొంతులోకే లాక్కొచ్చింది.

అచ్చ తెలుగులో కినుక, అలుక ఉన్నాయి. చెరువు అలుగుకూ మనిషి అలగడానికీ బంధుత్వం కలపాలని నాలుక దురద పెడుతుంది గాని, ధ్వని తప్ప వేరే ఆధారం నా దగ్గర లేదు, కలపను. కినుక పుస్తకాల్లోకి తప్పుకుంది. ఇంగ్లీషువాళ్ల సొంత మాట ‘రాత్’కూ అదే గతి పట్టింది, వీధి అంతా యాంగర్‌దే. పత్రికల శీర్షికల్లో నాయకులు రోజూ ‘ఫైర్’ అవుతుంటారు. అది మనం తయారుచేసుకున్న ఇంగ్లీషు. ఇంగ్లీషు వాడుకలో ఒకరిని ఫైర్ చేశారంటే కొలువులోంచి తీసేశారని.

తెలంగాణ మాటలకు నిఘంటువులు కూర్చేవారికి ఒక విన్నపం. గుస్సకు ఎదురుగా ఉత్త ‘కోపం’ అని రాసి వదిలేయకండి. ‘నొచ్చుకొని మాట మానుకోవడం’ అనే అర్థాన్నీ చేర్చండి. సూర్యాపేటలోనో మిర్యాలగూడలోనో ఎవరినడిగినా సాక్ష్యం చెబుతారు.