చార్జింగు కేబుల్ చరిత్ర

విదేశ ప్రయాణమునకు సిద్ధమగువారు పాస్‌పోర్టును, వీసా కాగితములను పదిసార్లు సరిచూచుకొందురు. ఫోను చార్జి చేయు కేబుల్‌ను మాత్రము చేతికి దొరకినదానిని పెట్టెలో పడవేయుదురు. కాని ఈనాడు విమానపు టిక్కెట్టు, దిగవలసిన ఇంటి చిరునామా, డబ్బు చెల్లించు సాధనము అన్నియు ఆ ఫోనులోనే ఉన్నవి. పరాయి దేశమున అది ఆరిపోయినచో మనిషికి దిక్కు తోచదు. పైకి ఒకే తీరుగా కన్పించు రెండు కేబుళ్ళలో ఒకటి గంటలో చేసిన పనిని మరియొకటి మూడు గంటలైనను చేయలేకపోవుటకు కారణమేమి? దీనికి జవాబు ఆ కేబుల్ పుట్టుపూర్వోత్తరములలో ఉన్నది.

నిజమునకు ఈ కేబుల్ ఫోనుల కొరకు పుట్టినది కాదు. ఒకప్పుడు కంప్యూటరు వెనుక కీబోర్డునకు ఒక సాకెట్టు, ప్రింటరునకు మరియొకటి, మౌస్‌కు వేరొకటి ఉండెడివి. ఈ గందరగోళమును తొలగింపదలచి ఇంటెల్, మైక్రోసాఫ్ట్, ఐ.బి.ఎం. మొదలగు ఏడు సంస్థలు కలిసి యు.ఎస్.బి. అను ఉమ్మడి పద్ధతిని రూపొందించి 1996 జనవరిలో ప్రకటించినవి. బరోడాలో చదివి ఇంటెల్‌లో ఇంజనీరైన అజయ్ భట్ ఈ కృషిలో ముఖ్యుడు. నాటి కేబుల్‌లో నాలుగు తీగలుండెడివి. వానిలో రెండు సమాచారమునకు, రెండు విద్యుత్తునకు. 5 వోల్టుల వద్ద అర ఆంపియరు, అనగా 2.5 వాట్ల శక్తి మాత్రమే లభించెడిది. మౌస్‌కు, కీబోర్డునకు అది చాలును.

ఇంతలో సెల్ ఫోనులు వ్యాపించినవి. కంపెనీకొక చార్జరు కావున, ఇంటిలో నలుగురున్న నాలుగు చార్జర్లు అవసరమయ్యెను. కంప్యూటరు కేబుల్‌నే ఫోనునకు వాడిన ఈ బెడద తీరునని పలువురికి తోచినది. 2007లో ఫోనులకు తగిన చిన్న మైక్రో యు.ఎస్.బి. వచ్చినది. 2009లో యూరోపియన్ కమిషన్ ప్రోత్సాహముతో ప్రముఖ తయారీదారులు దానిని స్వీకరించుటకు ఒప్పుకొనిరి. 2010 నాటికి 1.5 ఆంపియరుల వరకు తీసికొనుటకు నియమములు ఏర్పడినవి. సమాచారము మోయుటకు పుట్టిన తీగ ఈ విధముగా శక్తిని మోయు తీగగా మారినది. చిక్కులును ఇచ్చటనే మొదలైనవి.

1827లో జర్మన్ శాస్త్రజ్ఞుడు ఓమ్ ప్రకటించిన నియమమును ఇప్పుడు జ్ఞప్తికి తెచ్చుకొందము. తీగ సన్ననిదైన కొలది, పొడవైన కొలది నిరోధము హెచ్చును. నిరోధమును ప్రవాహముతో గుణించిన, దారిలో నష్టమగు వోల్టేజి తెలియును. 0.32 మిల్లీమీటరు వ్యాసముగల రాగి తీగకు మీటరునకు సుమారు 0.21 ఓమ్ నిరోధముండును. రెండు మీటరుల కేబుల్‌లో విద్యుత్తు పోయి మరలి రావలెను గనుక లెక్కింపవలసిన పొడవు నాలుగు మీటరులు, నిరోధము సుమారు 0.85 ఓమ్. 1.5 ఆంపియరులు ప్రవహించిన, దారిలోనే 1.3 వోల్టులు పోయి, 5 వోల్టులలో 3.7 మాత్రమే మిగులును. వోల్టేజి పడిపోవుటను గ్రహించి ఫోను తన ప్రవాహమును తగ్గించుకొనును. చార్జింగు మందగించును. తీగ వ్యాసము 0.51 మిల్లీమీటరైనచో నష్టము అర వోల్టు మాత్రమే.

కావున శక్తిని పెంచవలెనన్న తీగను లావు చేయవలెను, లేదా వోల్టేజిని పెంచవలెను. పవర్ హౌసు నుండి దూరపు ఊళ్ళకు విద్యుత్తును లక్షల వోల్టుల వద్ద పంపుట ఈ కారణముననే. 2012లో వెలువడిన పవర్ డెలివరీ పద్ధతి ఈ మార్గమునే అనుసరించినది. నేడు ఈ పద్ధతిలో ఫోనును చార్జరును ముందుగా సంకేతములు పంపుకొని 5, 9, 15, 20 వోల్టులలో తగినదానిని నిర్ణయించుకొనును. 27 వాట్లకు 5 వోల్టుల వద్ద 5.4 ఆంపియరులు కావలెను. 9 వోల్టుల వద్ద 3 ఆంపియరులే చాలును.

2014లో, ఎటు తిప్పి పెట్టినను సరిపోవు సి-రకము కేబుల్ వచ్చినది. ఆకారము ఒకటైనను లోపలి పనితనము ఒకటి కాలేదు. గూగుల్ ఇంజనీరు బెన్సన్ ల్యూంగ్ అంగడిలోని సి-రకము కేబుళ్ళను కొని పరీక్షించి ఫలితములను ప్రకటించుచుండెను. 2016 ఫిబ్రవరిలో ఒక కేబుల్‌ను తగిలింపగనే ఆయన ల్యాప్‌టాప్ పాడయ్యెను. విద్యుత్తును తెచ్చు తీగ, గ్రౌండు తీగ అందులో తారుమారుగా అతికింపబడి ఉండెను. పాతరకము సాకెట్టునకు తగిలించు కేబుల్‌లో 56 కిలోఓమ్‌ల నిరోధకము ఉండవలెను. దానికి బదులు 10 కిలోఓమ్‌లది ఉన్న, ఫోను 3 ఆంపియరులు దొరకునని భ్రమించి చార్జరుపై మోయలేని బరువు మోపును.

2022 నాటి యూరోపియన్ యూనియన్ చట్టము ప్రకారము, 2024 డిసెంబరు 28 నుండి అచ్చట విక్రయమునకు వచ్చు కొత్త ఫోనులకు సి-రకము సాకెట్టు తప్పనిసరి అయినది. 2012 నుండి తన ప్రత్యేకమైన లైట్నింగ్ సాకెట్టును వాడుచున్న ఆపిల్ సంస్థయు 2023లో ఐఫోను 15తో దీనికి మారినది.

ఈ చరిత్ర నుండి ప్రయాణికుడు గ్రహింపవలసినవి కొన్ని కలవు. కేబుల్‌ను మూతి చూచి కాక, దానిపై వ్రాసిన వాట్లను, ఆంపియరులను చూచి కొనవలెను. సాధారణముగా ఫోనునకు 3 ఆంపియరుల, 60 వాట్ల కేబుల్ చాలును. 5 ఆంపియరులు మోయు సి-రకము కేబుల్‌లో తన శక్తిని తెలుపు చిన్న చిప్పు ఉండవలెను. ల్యాప్‌టాప్ కూడ తీసికొనిపోవువారు అట్టిదానిని ఎన్నుకొనవచ్చును. పొడవు మీటరు చాలును. కొన్ని కంపెనీల అతివేగ చార్జింగునకు వారి కేబులే కావలెను. విమానపు సీట్ల వద్ద పాతరకము సాకెట్లు ఇంకను ఉన్నవి గనుక, రెండు చివరల సి-రకము గలది ఒకటి, పాతరకమునకు సరిపడునది ఒకటి ఉంచుకొనుట మేలు. మన గోడ సాకెట్టులో 230 వోల్టులు, అమెరికాలో 120, జపానులో 100. చార్జరుపై 100–240 వోల్టులని ఉన్నచో భయము లేదు. గోడలోని రంధ్రములకు సరిపడు పిన్నును మార్చుకొనిన చాలును.

అన్నిటికంటె ముఖ్యమైనది, ఆ కేబుల్‌ను బయలుదేరుటకు పది దినముల ముందే కొని, తీసికొనిపోవు చార్జరుతోనే ఇంటివద్ద వాడి చూచుట. మూతులను ఏకము చేయుటకు లోకమునకు ఇరువదియెనిమిది సంవత్సరములు పట్టినది. లోపలి తీగను పరీక్షించు పని మాత్రము నేటికిని కొనువానిదే.